కెడిల్‌స్టన్ హాల్: కాపురం కాదు, కొలువు

కెడిల్‌స్టన్ హాల్ ఇంగ్లండ్ నడిమి ప్రాంతమైన డార్బీషైర్‌లో, డార్బీ నగరానికి వాయవ్య దిక్కున కొద్ది మైళ్ళ దూరంలో ఉంది. అక్కడి భూములు 12వ శతాబ్దం నుంచీ కర్జన్ వంశానివి. 1758లో తండ్రి పోయాక ఆస్తికి వారసుడైన సర్ నథానియల్ కర్జన్, 1700 ప్రాంతంలో కట్టిన పాత ఇటుక ఇంటిని పడగొట్టించి 1759లో ఇప్పటి భవనం పని మొదలుపెట్టించాడు. 1761లో అతను లార్డ్ స్కార్స్‌డేల్ అయ్యాడు. మాథ్యూ బ్రెటింగ్‌హామ్, జేమ్స్ పెయిన్, రాబర్ట్ ఆడమ్ అనే ముగ్గురు వాస్తుశిల్పులు ఒకరి వెనక ఒకరు ఈ పనికి వచ్చారు. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్ ప్రభువులు తమ పల్లెసీమల్లో కట్టించుకున్న భవనాల్లో, అంటే కంట్రీ హౌస్‌లలో, దీనిది మొదటి వరస.

ప్రచారంలో ఉన్న తీర్పు

ఆ పేరుతోపాటు ఒక నింద కూడా ఈ భవనాన్ని మొదటి నుంచీ అంటిపెట్టుకుని ఉంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్నా ఉండడానికి పనికిరాదన్నదే ఆ నింద. దాన్ని గట్టిగా పలికినవాడు శామ్యూల్ జాన్సన్. ఇంగ్లిష్ నిఘంటుకర్తగా పేరున్న ఆయన 1774లో వేల్స్ యాత్రకు పోతూ దారిలో కెడిల్‌స్టన్ చూసి, తన దినచర్యలో ఒక తప్పుల పట్టిక రాసుకున్నాడు. హాలులోని స్తంభాలు మరీ లావుగా ఉండి చోటంతా ఆక్రమించాయి, అవి లేకపోతేనే నయం. దాని వెనకనున్న గుండ్రటి సాలూన్ దేనికీ ఉపయోగపడదు, కనుక దాని కూర్పే తప్పు. రెక్కలను నడిమి భవనంతో కలిపే వంపు నడవలు ఉత్త దారులు. పై అంతస్తు పడకగదులు చిన్నవి, కప్పు తక్కువ, చీకటి, జైలుకు తగినవి. వంటింటి సెగ, వాసన ఇల్లంతా కమ్ముకుంటాయి. అన్నీ కలిపి చూస్తే పెట్టిన ఖర్చుకు తగ్గ వివేకం కనిపించదు. ఆయన అభియోగాల సారం ఇది.

1777లో జేమ్స్ బాస్వెల్‌తో కలిసి మళ్ళీ వచ్చినప్పుడు కూడా జాన్సన్ మెత్తబడలేదు. ఈ భవనం పట్టణ సభామందిరానికి బాగా సరిపోతుందని, స్తంభాల హాలులో న్యాయమూర్తులు కూర్చోవచ్చని, గుండ్రటి గది జ్యూరీకి తగినదని, పై గదుల్లో ఖైదీలను పెట్టుకోవచ్చని అన్నాడు. బాస్వెల్ రాసిన జాన్సన్ జీవితచరిత్ర 1791లో వెలువడినప్పుడు ఈ మాటలూ అచ్చయ్యాయి. అప్పటి నుంచి కెడిల్‌స్టన్ మీద రాసేవారిలో చాలామంది వాటిని ఏదో ఒక రూపంలో తిరిగి చెబుతూనే ఉన్నారు. కొందరు దీన్ని ధనికుడి ఆడంబరానికి ఉదాహరణగా చూపుతారు. మరికొందరు ఆడమ్ చేతి పనితనానికి ముగ్ధులై, ఉపయోగంతో పనిలేని శుద్ధకళగా దీన్ని మెచ్చుకుంటారు. మొదటివారు తిట్టినా రెండోవారు పొగిడినా, నడిమి భవనానికి ఏ ప్రయోజనమూ లేదన్న ఊహ దగ్గర ఇద్దరూ కలుస్తారు.

ఆ ఊహ తప్పు. కెడిల్‌స్టన్ కాపురానికి కట్టిన ఇల్లు కాదు. కాపురానికి దాని పక్కనే వేరే చోటు కట్టారు. నడిమి భవనం కొలువు తీరడానికి కట్టింది. ఒక జిల్లా మీద ఒక వంశానికి ఉన్న అధికారాన్ని కళ్ళకు కట్టేలా చూపడం, వచ్చినవారిని వారి వారి హోదాను బట్టి లోపలికి నడిపించడం, ఎవరు ఎక్కడ ఆగాలో గోడలతోనే చెప్పడం దాని పని. ఆ పనికి దాని ప్రతి భాగమూ లెక్క ప్రకారం సరిపోయింది. ఇంటి కొలతతో కొలిచినవారికి అది తప్పుల తడకగా కనిపించిందంటే లోపం వారు పట్టుకున్న కొలతలో ఉంది.

ఈ తేడా తెలుగువారికి కొత్త కాదు. ఆంధ్ర ప్రాంతంలో జమీందారు ఉండే చోటును జనం దివాణం అన్నారు. తెలంగాణలో దొర ఉండేది గడి. ఆ రెండు మాటల్లోనూ నివాసమూ అధికారమూ ఒకదాన్నుంచి ఒకటి విడివడవు. శిస్తు, తగవు, శిక్ష, సన్మానం అన్నీ ఆ ప్రాంగణంలోనే జరిగేవి. ఇంగ్లిష్ వాడుకలోని హౌస్ అన్న మాట ఈ సంగతిని కప్పేస్తుంది. జాన్సన్ తీర్పు ఆ మాట దగ్గరే దారి తప్పింది.

ముగ్గురు శిల్పులు, ఒకే నక్షా

మొదట నక్షా సంగతి చూడాలి. నడుమ పెద్ద భవనం, దాని నాలుగు మూలల నుంచి నాలుగు వంపు నడవలు, వాటి చివర నాలుగు రెక్కల భవనాలు: కెడిల్‌స్టన్‌కు బ్రెటింగ్‌హామ్ వేసిన రూపం ఇది. ఇటలీ వాస్తుశిల్పి ఆండ్రియా పల్లాడియో 1570లో అచ్చువేసిన తన వాస్తుగ్రంథంలో మొచెనీగో కుటుంబానికి గీసిన విల్లా దీనికి ఆధారం. బ్రెటింగ్‌హామ్ ఈశాన్యపు రెక్కను కట్టాడు. తర్వాత వచ్చిన పెయిన్ వాయవ్యపు రెక్కను లేపి, ఉత్తర ముఖాన్ని రూపొందించాడు. 1760లో పని మొత్తం ఆడమ్ చేతికి వచ్చింది. లోపలి అలంకరణ, దక్షిణ ముఖం, తోటలోని వంతెన, చేపలు పట్టుకునే మందిరం అతనివి.

వాస్తుశిల్పి మారినప్పుడల్లా నక్షా మారడం లోకసహజం. ఇక్కడ స్తంభాలు, మెట్లు, అలంకరణ మారాయి కానీ మూలసూత్రం చెక్కుచెదరలేదు. కుటుంబం ఒక రెక్కలో, వంటలు మరో రెక్కలో, నడుమ కొలువు. కెడిల్‌స్టన్‌ను ఆడమ్ ప్రతిభ ఫలమని మాత్రమే చెప్పేవారు ఈ విషయాన్ని దాటవేస్తారు. ముగ్గురు శిల్పుల కిందా నిలిచిన ఏర్పాటు ఏ ఒక్క శిల్పి ముచ్చటా కాజాలదు. అది కట్టించినవాడు కోరుకున్న ఏర్పాటు. తనకేం కావాలో నథానియల్ కర్జన్‌కు స్పష్టంగా తెలుసు. ఖర్చుకు తగ్గ వివేకం లేదన్న అభియోగం ఇక్కడే బలహీనపడుతుంది.

దక్షిణాన లేవాల్సిన రెండు రెక్కలు ఎన్నటికీ లేవలేదు. దీన్నే వైఫల్యానికి రుజువుగా చూపేవారున్నారు. ఏది ముందు కట్టారో చూస్తే అర్థం వేరుగా ఉంటుంది. అన్నిటికంటే ముందు లేచింది కుటుంబం ఉండే రెక్క. వంటల రెక్కా పూర్తయింది. బతకడానికి కావలసిన రెండూ అమరాక, వాటి నడుమ కొలువుకు కావలసిన భవనం వచ్చింది. మిగిలిపోయిన రెండు రెక్కలూ లేకపోయినా ఈ మూడింటి పనికి ఆటంకం రాలేదు. ఉండే సౌకర్యాన్ని మరచి ఆడంబరానికి ఎగబడ్డవాడు పనిని ఈ వరసలో నడిపించడు.

ఒక్కొక్క అభియోగం

పడకగదుల అభియోగం అన్నిటికంటే ఎక్కువ ప్రచారం పొందింది. నడిమి భవనపు పై అంతస్తు గదులకు కప్పు తక్కువన్నది నిజమే. కుటుంబం అక్కడ పడుకోలేదు. ప్రభువు, ఆయన భార్య, పిల్లలు ఈశాన్యపు రెక్కలో ఉండేవారు. అక్కడి గదులు మనుషులు రోజూ మసలడానికి తగిన కొలతల్లో ఉంటాయి. రాజు లాంటి అతిథి వస్తే బస నడిమి భవనపు ప్రధాన అంతస్తులోనే. అక్కడ తాటిచెట్టు బోదెల్లా చెక్కిన నాలుగు కంబాల మంచంతో ప్రత్యేక శయనమందిరం ఉంది. పైనున్న చిన్న గదులు తక్కిన అతిథులకు, వారి వెంట వచ్చినవారికి. కింద హాలు, సాలూన్ భవనం ఎత్తంతా తీసుకున్నాక పైన మిగిలిన చోటులో ఆ గదులు అమరాయి. భవనంలోని అతి తక్కువ స్థాయి పడకలను చూసి మొత్తం భవనంలోని పడకలపై తీర్పు చెప్పడం న్యాయం కాదు. పైగా ఆ హెచ్చుతగ్గులు పొరపాటున వచ్చినవి కావు. ఎవరి హోదాకు ఎంత కప్పు ఎత్తు అన్న లెక్కే ఈ భవనపు సూత్రం.

వంపు నడవలు ఉత్త దారులన్నది రెండో అభియోగం. వాటి పని మనుషులను కలపడమే కాదు, దూరంగా ఉంచడం కూడా. వంటిల్లు నడిమి భవనంలో ఉంటే నిప్పు భయం, పొగ, గోల అన్నీ కొలువులోకి వస్తాయి. అందుకే దాన్ని వాయవ్యపు రెక్కలోకి పంపారు. అలాగని భోజనశాలను దూరం చెయ్యలేదు. నడిమి భవనంలో ఆ రెక్కకు దగ్గరగా ఉండే మూలలోనే దాన్ని పెట్టారు. కుటుంబపు రెక్క కూడా అంతే. తలుపు మూస్తే కొలువు సందడి లోపలికి రాదు, తలుపు తీస్తే ప్రభువు నడిచి కొలువులోకి వస్తాడు. బయటి నుంచి చూస్తే ఇవే నడవలు రెండు చేతులు చాచినట్టు ముందరి పచ్చికను చుట్టుకుంటాయి. బండిలో వచ్చే అతిథి కంటికి మూడు భవనాలు ఒకే దీర్ఘమైన ముఖంగా కనిపిస్తాయి.

వంటింటి వాసన అభియోగాన్ని మాత్రం ఒప్పుకోవాలి. వంటశాల నుంచి నడవవైపు తెరిచిన చోటు వల్ల సెగ, వాసన వ్యాపిస్తాయని జాన్సన్ స్వయంగా గమనించి రాశాడు. అది పనితీరులో లోపమే. ఒక తెరుపు వల్ల వచ్చిన లోపాన్ని పట్టుకుని భవనం ఉద్దేశాన్నే తప్పుపట్టడం కుదరదు.

స్తంభాల అభియోగానికి జవాబు ఆ హాలులోనే ఉంది. మార్బుల్ హాల్ అని పేరుపడ్డ ఈ గదిలో నాటింగ్‌హామ్‌షైర్ నుంచి తెచ్చిన చారల ఆలబాస్టర్ రాతి స్తంభాలు 20 ఉన్నాయి. ఒక్కొక్కటి 25 అడుగుల ఎత్తు. పక్క గోడలకు కిటికీలు లేవు, వెలుగంతా కప్పులోని గాజు తెరుపుల నుంచి దిగుతుంది. గోడల గూళ్ళలో ప్రాచీన శిల్పాలకు పోతపోసిన నకళ్ళు నిలబడ్డాయి. పైనుంచి వచ్చే వెలుగు, రెండు వైపులా స్తంభాల వరసలు, నడుమ ఖాళీ దారి కలిసి మనిషిని నిలబడనివ్వకుండా ముందుకు నడిపిస్తాయి. స్తంభాలు తీసేస్తే చోటు పెరుగుతుంది కానీ నడక పోతుంది. ఆలయంలో ముఖమంటపపు స్తంభాలు చోటు మింగుతున్నాయని ఎవరూ అనరు. అవి భక్తుడి చూపును గర్భగుడి వైపు నడిపిస్తున్నాయని తెలుసు. కెడిల్‌స్టన్ స్తంభాలు చేసేదీ ఆ పనే, ఆ దారి చివర దేవుడు లేడన్నదొక్కటే తేడా.

ఆ దారి చివర సాలూన్ ఉంది. 42 అడుగుల అడ్డుకొలత, గుమ్మటం శిఖరం దాకా 62 అడుగుల ఎత్తుతో, రోమ్‌లోని పాంథియన్‌ను తలచుకుని కట్టిన గుండ్రటి గది ఇది. మొదట శిల్పాల ప్రదర్శనకు ఉద్దేశించిన ఈ గదిని 1780ల చివర్లో నృత్యానికి, వేడుకలకు అనువుగా మార్చారు. చలికాలంలో వెచ్చదనం కోసం గూళ్ళలో అమర్చిన ఇనుప పొయ్యిలకు కూడా ప్రాచీన బలిపీఠాల ఆకారం ఇచ్చారు. దీన్ని పనికిరాని గది అనడానికి ఒకే ఒక మార్గం ఉంది: మనిషి గదిలో తినాలి, చదవాలి లేదా నిద్రపోవాలి, అంతకు మించి మరో పని ఉండదని నమ్మడం. జిల్లాలోని పెద్దలందరూ ఒకచోట చేరి ఎవరెవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకోవడం కూడా పనే. మూలలు లేని గదిలో ఎవరూ మూలకు చేరలేరు.

ఈ హాలు, ఈ సాలూన్ వెనక ఆడమ్‌కు ఒక నమూనా ఉంది. 1757లో అతను ఆడ్రియాటిక్ తీరంలోని స్పాలాట్రోలో, అంటే నేటి స్ప్లిట్‌లో, రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ ప్రాసాదపు శిథిలాలను కొలిపించాడు. ఆ కొలతల గ్రంథాన్ని 1764లో అచ్చువేశాడు. రోమన్ల కట్టడాల నుంచి అతను ఏరుకొచ్చిన సరుకు కెడిల్‌స్టన్ నిండా ఉంది. దక్షిణ ముఖానికి రోమ్‌లోని కాన్‌స్టంటైన్ విజయతోరణం ఆధారం. నాలుగు స్తంభాలు గోడకు ఎడంగా నిలబడి తలమీద ఒక్కో విగ్రహాన్ని మోస్తాయి, వాటి వెనక గుమ్మటం లేస్తుంది. చక్రవర్తి గెలుపుకు నిలిపిన తోరణాన్ని ఒక జిల్లా ప్రభువు ఇంటి వెనకవైపుకు తేవడం అమాయకమైన అలంకరణ కాదు. ఏ అధికారాన్ని తలపించాలో ఆ అధికారపు గుర్తులను ఏరి తెచ్చారు. కింది అంతస్తులో సీజర్ల హాలు అన్న పేరుతో రోమన్ చక్రవర్తుల తలల విగ్రహాలు ఉండడం కూడా ఈ వరసలోదే. ఉత్తర ముఖాన ఆరు కోరింథియన్ స్తంభాల మంటపం కిందికి మెట్లెక్కి వచ్చేది ఘనమైన రాకల వేళ. మామూలు రోజుల్లో లోపలికి దారి కింది అంతస్తులోని ఈ సీజర్ల హాలు గుండానే.

తెరిచి ఉంచిన తలుపులు

కొలువు అన్న మాటకు ఇంతకంటే బలమైన రుజువు భవనాన్ని నడిపిన తీరులో ఉంది. కెడిల్‌స్టన్ పూర్తిగా కట్టక ముందే దాన్ని చూడడానికి జనం వచ్చేవారు. వారు రావాలనే కట్టించినవాడి కోరిక. 1769లోనే భవనంలోని చిత్రాలు, శిల్పాల పట్టికను అచ్చువేయించారు. ఇంటి నిర్వాహకురాలు మిసెస్ గార్నెట్ ఆ పట్టిక పట్టుకుని వచ్చినవారికి గది గదీ చూపేది. 1777లో జాన్సన్, బాస్వెల్‌లకు చూపినదీ ఆమే. ఆ పట్టిక చేతపట్టుకుని నిలబడ్డ ఆమె చిత్రపటం ఇప్పటికీ అక్కడే ఉంది. పనివారి చిత్రపటాలు అరుదైన ఆ కాలంలో ఒక నిర్వాహకురాలి పటం గీయించారంటే, చూపించడం ఆ భవనంలో ఎంత పెద్ద ఉద్యోగమో అర్థమవుతుంది.

గదుల వరస కూడా చూపుకు అనుగుణంగానే కుదిరింది. మార్బుల్ హాలుకు తూర్పున సంగీతశాల, చిత్రాలతో నిండిన డ్రాయింగ్ రూమ్, గ్రంథాలయం వరసగా వస్తాయి. అవి దాటితే సాలూన్. అక్కడి నుంచి పడమటి వైపుగా రాజోచిత శయనమందిరం, దాని అనుబంధ గదులు, చివరకు భోజనశాల. ఒకసారి చుట్టి వస్తే కళలు, విద్య, రాజమర్యాద, విందు అన్నీ చూసినట్టే. వెనక్కి తిరిగి అదే దారిన రావాల్సిన అవసరం ఎక్కడా ఉండదు.

ఇదంతా ఎవరి కోసమన్న ప్రశ్నకు జవాబు ఆనాటి రాజకీయాల్లో ఉంది. డార్బీషైర్‌లో చాట్స్‌వర్త్ ప్రభువులైన కావెండిష్‌లది విగ్ పక్షం, కర్జన్‌లది టోరీ పక్షం. నథానియల్ కర్జన్ 1754 నుంచి 1761 దాకా ఆ జిల్లాకు పార్లమెంటు సభ్యుడు. ఓటు హక్కు భూమి ఉన్న కొద్దిమంది చేతుల్లో ఉన్న కాలంలో ఆ కొద్దిమందికి ఎవరి హాలు గొప్పగా కనిపిస్తుందన్నది చిన్న విషయం కాదు. కెడిల్‌స్టన్ మీద పెట్టిన డబ్బు ఒక రాజకీయ పెట్టుబడి. అది మంచి పెట్టుబడో కాదో వాదించవచ్చు. ప్రయోజనం లేని ఖర్చని మాత్రం అనలేరు.

అసలు అభియోగం

భవనం తన పని తాను బాగా చేసిందని చెప్పడం ఆ పనిని సమర్థించడం కాదు. వ్యర్థమన్న మాటను ఖండించాల్సిన అవసరం ఇక్కడే ఎక్కువగా ఉంది. వ్యర్థమంటే ఎవరికీ ఉపయోగపడనిది. ఎవరికీ ఉపయోగపడనిది ఎవరికీ హాని చేసి ఉండదన్న భావం ఆ మాటలోనే దాగి ఉంటుంది. కెడిల్‌స్టన్ విషయంలో ఆ భావం నిజం కాదు.

ఇప్పటి భవనం చుట్టూ పరచుకున్న పచ్చిక బయళ్ళ చోట మధ్యయుగాల నాటి కెడిల్‌స్టన్ పల్లె ఉండేది. చూపుకు అడ్డం రాకుండా దాన్ని తొలగించి వేరే చోటికి తరలించారు. ప్రజలు నడిచే సుంకపు రోడ్డును కూడా భవనానికి దూరంగా మళ్ళించారు. పల్లెలో మిగిలింది ఒక్క చర్చి. కర్జన్ వంశపు సమాధులున్న ఆ చర్చి ఇప్పటికీ భవనం పక్కనే నిలబడి ఉంది. వాగును ఆపి వెడల్పు చేసి సరస్సులుగా మార్చారు, దాని మీద ఆడమ్ గీసిన వంతెన కట్టారు. నేడు చూసేవారికి ఆ దృశ్యం ప్రకృతి ఇచ్చినట్టే కనిపిస్తుంది. ఉత్తర మంటపం మెట్ల మీద నిలబడి చూస్తే కనుచూపు మేరలో ఒక్క గుడిసె కూడా ఉండదు. ఆ శూన్యం కూడా భవనపు వాస్తులో భాగమే, గోడల్లాగే దాన్నీ లెక్కవేసి కట్టారు.

పల్లెను లేపేసిన భవనాన్ని పడకగదులు చీకటిగా ఉన్నాయని విమర్శించడం ఎంత తేలికైన విమర్శో ఆలోచించాలి. ఖర్చు దండగన్న మాట ప్రభువును అవివేకిగా చేస్తుంది, అంతకు మించి ఏమీ చేయదు. ప్రయోజనం ఏమిటో గుర్తించినప్పుడే ఆ ప్రయోజనానికి మూల్యం ఎవరు చెల్లించారన్న ప్రశ్న పుడుతుంది. శుద్ధకళ అని పొగిడేవారు ఆ ప్రశ్నను అసలు లేవనివ్వరు. కనుక కెడిల్‌స్టన్ ఉపయోగాన్ని చూపడం దాన్ని కాపాడడానికి చేసే పని కాదు. దాన్ని జవాబుదారీ చేయాలంటే అంతకు మించిన దారి లేదు.

కలకత్తా సాక్ష్యం

కట్టడం ఉద్దేశంపై ఎంత వాదించినా, దాన్ని ఎవరు ఎందుకు అనుకరించారన్నది అన్నిటికంటే గట్టి సాక్ష్యం. 1798లో గవర్నర్ జనరల్‌గా వచ్చిన వెలస్లీ, మరుసటి ఏడాదే కలకత్తాలో గవర్నమెంట్ హౌస్ కట్టించడం మొదలుపెట్టాడు. నక్షా గీసినవాడు బెంగాల్ ఇంజనీర్స్ అధికారి చార్లెస్ వయట్. అతని బాబాయి వరస శామ్యూల్ వయట్ ఒకప్పుడు కెడిల్‌స్టన్ నిర్మాణపు పనులు చూసుకున్నవాడు. కెడిల్‌స్టన్‌కు పెయిన్ గీసిన నమూనాలు 1783 నాటికే అచ్చులో ఉన్నాయి. కలకత్తా భవనానికి ఎంచుకున్న రూపం కెడిల్‌స్టన్‌దే: నడుమ పెద్ద భవనం, వంపు నడవలు, మూలల్లో రెక్కలు. కెడిల్‌స్టన్‌లో కాగితం మీద ఉండిపోయిన నాలుగు రెక్కల పథకం కలకత్తాలో పూర్తిగా లేచింది. 1803 తొలి రోజుల్లో ప్రారంభోత్సవం జరిగింది. దాదాపు 63,000 పౌండ్ల ఖర్చు చూసి లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు మండిపడ్డారు. ఆ ప్రారంభోత్సవం చూసిన లార్డ్ వాలెన్షియా మాత్రం, హిందూదేశాన్ని కొట్లోని లెక్కల గది నుంచి ఏలలేరని, ప్రాసాదం నుంచే ఏలాలని వెలస్లీని సమర్థిస్తూ రాశాడు.

కలకత్తా భవనాన్ని కెడిల్‌స్టన్‌కు నకలని మాత్రమే అనడం మరో పొరపాటు. కలకత్తాలో వాడింది ఇటుక, సున్నపు పూత. కెడిల్‌స్టన్‌లోని మూసిన నడవలు ఇక్కడ వేడికి తట్టుకునేలా గాలి ఆడే వరండాలయ్యాయి. నాలుగు వైపులా రెక్కలు చాచిన రూపం ఏ దిక్కు నుంచి గాలి వీచినా పట్టుకుంటుంది. ఒక రెక్కలో కౌన్సిల్ సమావేశాల గది వచ్చింది. నడిమి భవనంలో మార్బుల్ హాలు, దాని పక్క వరసల్లో 12 మంది సీజర్ల విగ్రహాలు, సింహాసనపు గది ఏర్పడ్డాయి. వంటిల్లయితే భవనంలోనే లేదు, బయట వేరే చోట ఉండేది. గృహవాసానికి చెందినదాన్ని పక్కకు నెట్టి, కొలువుకు చెందినదాన్ని మొత్తం ఉంచుకున్నారు. కెడిల్‌స్టన్‌లో ఏది అసలు సరుకో, ఏది అదనమో వెలస్లీ మనుషులకు జాన్సన్ కంటే బాగా తెలుసు. సభామందిరానికి, న్యాయస్థానానికి తగిన కట్టడమని జాన్సన్ ఎగతాళిగా అన్న మాట పాతికేళ్ళలో ఒక సామ్రాజ్యపు నిర్మాణ సూత్రంగా మారింది.

ఈ వరస కలకత్తాతో ఆగలేదు. ఇంచుమించు ఆ ఏళ్ళలోనే హైదరాబాద్‌లో కంపెనీ రెసిడెంట్ జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్, మద్రాస్ ఇంజనీర్స్ అధికారి శామ్యూల్ రస్సెల్ చేత కోఠిలో రెసిడెన్సీ కట్టించాడు. అది కెడిల్‌స్టన్ నకలు కాదు. కానీ ఎత్తైన మెట్లు, ఆరు కోరింథియన్ స్తంభాల ముఖమంటపం, దాని పైన త్రికోణపు శిఖరంలో కంపెనీ చిహ్నం, లోపల ఘనమైన దర్బారు హాలు: భాష అదే. ఖర్చు నిజాం భరించాడు. 1800లో బళ్ళారి, కడప, అనంతపురం ప్రాంతాలను దత్తమండలాలుగా కంపెనీకి రాసిచ్చిన ఒప్పందాన్ని నిజాంతో కుదిర్చినవాడు కూడా ఈ కిర్క్‌పాట్రిక్కే. తర్వాత మహిళా కళాశాలగా తెలుగు నేల మీద రెండు మూడు తరాల ఆడపిల్లలకు పరిచయమైన ఆ స్తంభాలు, పల్లెసీమ భవనాల వాస్తు ఎంత దూరం ప్రయాణం చేసిందో చూపుతాయి. ఇంగ్లిష్ ప్రభువు తన జిల్లాలో వాడిన నుడికారాన్ని కంపెనీ అధికారి ఇక్కడి సంస్థానంలో వాడాడు. వ్యర్థమైన దాన్ని ఎవరూ వేల మైళ్ళు మోసుకురారు.

కెడిల్‌స్టన్‌కూ కలకత్తాకూ ఉన్న ముడి ఒక శతాబ్దం తర్వాత మరోసారి బిగిసింది. 1859లో కెడిల్‌స్టన్‌లో పుట్టిన జార్జ్ నథానియల్ కర్జన్ 1899 నుంచి 1905 దాకా భారత వైస్రాయ్‌గా, తన సొంతింటిని పోలిన భవనంలో కొలువు తీర్చాడు. ఆ పోలిక గురించి ఆయనే 1925లో వెలువడిన తన గ్రంథంలో వివరంగా రాశాడు. వైస్రాయ్‌గా సేకరించిన వస్తువులు కెడిల్‌స్టన్ కింది అంతస్తులో ప్రదర్శనశాలగా మారాయి. ఇంటికీ అధికారానికీ మధ్య గీత ఎక్కడుందో ఆ కుటుంబమే ఎన్నడూ గీసుకోలేదు.

నిలిచిన ఏర్పాటు

1987లో కెడిల్‌స్టన్ నేషనల్ ట్రస్ట్ అనే పరిరక్షణ సంస్థ చేతికి వచ్చింది. ఒక కుటుంబం భరించలేని భవనమని తేలింది కదా, జాన్సన్ చెప్పిందే నిజమైంది కదా అని కొందరు దీన్ని కూడా చివరి రుజువుగా చూపుతారు. 20వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని పెద్ద భవనాలు చేతులు మారడానికి వారసత్వపు పన్నులు, కౌలు ఆదాయం తగ్గడం, పనివారు దొరకకపోవడం కారణాలు. సౌకర్యంగా కట్టినవీ అసౌకర్యంగా కట్టినవీ ఒకే తీరుగా చేతులు మారాయి. కనుక దీన్నుంచి నక్షా మంచిచెడ్డల మీద ఏ తీర్పూ రాదు.

చేతులు మారాక జరిగిందే ఆ నక్షాకు అసలు పరీక్ష. కర్జన్ కుటుంబం ఇప్పటికీ బ్రెటింగ్‌హామ్ కట్టిన కుటుంబపు రెక్కలోనే ఉంటోంది. చూడవచ్చినవారు సీజర్ల హాలు, మార్బుల్ హాలు, సాలూన్ తిరుగుతూ గదుల వరస చుట్టి వస్తారు. 1769లో పట్టిక అచ్చువేయించినప్పుడు నథానియల్ కర్జన్ అనుకున్న ఏర్పాటు ఇదే. రెండున్నర శతాబ్దాల తర్వాత, యజమాని మారాక కూడా, ఒక్క గోడ జరపకుండా అదే పద్ధతిలో భవనం పనిచేస్తోంది.